తొంభై రింగిట్లు, పదమూడు శాతం

మా బుకిత్ మెర్తాజాం మార్కెట్లో గియోక్ ఇమ్ అక్క ఇరవై రెండేళ్లు చీటీ నడిపింది. అన్నేళ్లలో ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేదు. మొదట చూపింది నేనే. అదీ లెక్క రాక కాదు, వచ్చనుకుని.

నా పేరు బీ సువాన్, ఇన్సూరెన్స్ ఏజెంటుని. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. చేపలామె తూకం వేసేటప్పుడు నేను చేప వైపు చూడను, పళ్లేన్ని నొక్కుతోందేమోనని ఆమె చిటికెన వేలి వైపు చూస్తాను. "పెళ్లిలో పెట్టిన ఉంగరాన్ని కూడా నువ్వు కంసాలి దగ్గరికి పట్టుకుపోతావే" అని మా అమ్మ అనేది. పట్టుకుపోయాను. బంగారమే. ఆ మాట మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

1993లో కంపెనీ మాకందరికీ నల్లటి క్యాలిక్యులేటర్లు అంటగట్టింది. రెండు వందల రింగిట్లు కమిషన్‌లోంచి కోసుకుంది. కూడికలు, తీసివేతలు చేసే మామూలుది కాదది. నెలనెలా వాయిదాలు ఎంత, వడ్డీ శాతం ఎంత, ఇన్నేళ్లకు చేతికొచ్చేది ఎంత అన్నీ చెబుతుంది. అయితే దాని తిక్కలు దానికి ఉన్నాయి. చేతినుంచి పోయే డబ్బుకి తీసివేత గుర్తు పెట్టకపోతే తప్పంటూ మొరాయిస్తుంది. నిన్నటి మనిషి అంకెలు చెరపకపోతే వాటిని తెచ్చి ఇవాళ్టి మనిషి లెక్కలో కలిపేస్తుంది. తెర మూలన చీమంత మాట ఒకటి వెలుగుతుంటుంది, వాయిదా నెల మొదట కడుతున్నట్టా చివర కడుతున్నట్టా అని. ఆ చీమను చూసుకోక నేనొకసారి ఒక స్కూలు టీచరుకి నెలకు ఏడు రింగిట్లు తక్కువ చెప్పాను. ఆ తేడా ఏడాదిపాటు నా జేబులోంచి కట్టాను. ఆ దెబ్బతో మనుషులతో పాటు యంత్రాన్ని కూడా అనుమానించడం అలవాటైంది. లెక్క మొదలుపెట్టే ముందు అన్నీ చెరిపి, చీమను చూసి, గుర్తులు సరిచూసి, మూడుసార్లు కొట్టేదాన్ని. మూడుసార్లూ ఒకే అంకె వస్తే ఇక దేవుడొచ్చి చెప్పినా వినేదాన్ని కాదు.

మా చీటీ పదిమందిది. మనిషికి నెలకు ఐదు వందలు. మొదటి నెల సొమ్మంతా నడిపే మనిషిది, తగ్గింపు ఉండదు. అందుకు బదులుగా తరవాత ఎవరైనా ఎగ్గొడితే ఆ డబ్బు ఆమె తన చేతినుంచి వెయ్యాలి. రెండో నెలనుంచి పాట. మా దగ్గర అరిచి పాడటం ఉండదు. ఒక్కొక్కరి వాటాలో ఎంత తగ్గించుకుంటామో కాగితం ముక్క మీద రాసి, మడిచి, బిస్కెట్ డబ్బాలో వేస్తాం. పెద్ద అంకె రాసినవాళ్లది పాట. ఇంకా పాడనివాళ్లు ఆ తగ్గింపు పోను మిగిలింది కడతారు, పాడేసినవాళ్లు ఐదు వందలూ కట్టాలి. అక్క గెలిచిన అంకె ఒక్కటే పైకి చదువుతుంది. ఓడిన కాగితాలు ఎవరికీ చూపించకుండా పాలడబ్బాలో వేసి అగ్గిపుల్ల గీస్తుంది. ఎవరికెంత అవసరం పడిందో పక్కవాడికి తెలియకూడదన్నది మా పద్ధతి.

నాకు కారు కావాల్సివచ్చింది. స్కూటర్ మీద వచ్చే ఏజెంటు దగ్గర పెద్ద పాలసీ ఎవరూ తీసుకోరు. పాత తెల్లకారు ఒకటి నాలుగు వేలకి దొరికింది. నాలుగో నెల పాట అయ్యాక ఆ సంగతి గియోక్ ఇమ్ అక్కతో అన్నాను. ఐదో నెల పాటకి ముందురోజు ఆమె కొట్టు దగ్గర చేప ఉండల నూడుల్స్ తింటుంటే, గిన్నెలో ఇంకో గరిటె చారు పోస్తూ వంగి, చెవి దగ్గర అంది.

"ఎనభై రాయి. తక్కువ రాశావంటే పోతుంది."

ఎనభై రాశాను. పాట నాదైంది. నాలుగు వేల వంద చేతికొచ్చింది. ఆ సాయంత్రమే కారు తెచ్చుకున్నాను. నెలరోజులు మా వీధిలో నా అంత గొప్పది లేదు.

ఆరో నెలలో కంపెనీ వాళ్లు మాకు క్యాలిక్యులేటర్‌లో కొత్త బటన్ నేర్పించారు. డబ్బు ఏ నెల ఎంత పోయింది, ఏ నెల ఎంత వచ్చింది వరసగా కొడితే మొత్తం మీద నెలకు ఎంత వడ్డీ పడిందో ఒక్క అంకెలో చెబుతుంది. ఇంటికొచ్చి నా చీటీ లెక్కే మొదట కొట్టాను. మొదటి నెల ఐదు వందలు పోయింది. రెండో నెల మూడు వందల తొంభై, తరవాత రెండు నెలలు నాలుగేసి వందలు. ఐదో నెల నాలుగు వేల వంద వచ్చింది. ఇక మిగిలిన ఐదు నెలలూ ఐదేసి వందలు పోతాయి. బటన్ నొక్కాను. కాసేపు ఆలోచించుకుని చెప్పింది. నెలకు పదమూడు శాతం.

చెరిపాను. చీమను చూశాను. గుర్తులు చూశాను. మళ్లీ పదమూడు. మూడోసారీ పదమూడే.

నెలకు పదమూడంటే రాత్రిళ్లు బాకీదారుల తలుపుల మీద ఎర్రరంగు పోసిపోయే వడ్డీవాళ్ల రేటు. అక్కడితో ఆగానా, లేదు. రెండో నెల పాట పాడిన కూరగాయల స్వీ కెంగ్ లెక్క కూడా కొట్టాను. ఆమె నూట పది రాసింది. నాకంటే ముప్పై ఎక్కువ తగ్గించుకుంది. ఆమెకు ఆరు శాతం చూపించింది. ఎక్కువ వదులుకున్న మనిషికి ఆరు, తక్కువ వదులుకున్న నాకు పదమూడు. ఇందులో ఏదో ఉందనుకున్నాను. ఉంటే ఎవరి దగ్గర ఉంటుంది? డబ్బా ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గరే.

అప్పటినుంచి ప్రతిదీ అనుమానంగానే కనిపించింది. ఓడిన కాగితాలు ఎందుకు కాల్చెయ్యాలి? అసలు ఆ నెల నాతో పోటీ ఎవరైనా రాశారా, లేక డబ్బాలో నాదొక్కటే ఉందా? ఎనభై రాయమని చెప్పడానికి ఆమెకేం అవసరం? ఇరవై ముప్పై రాసినా నాకే వచ్చేదేమో. ఆ చెవిమాట సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే నేనూ అందులో ఉన్నట్టవుతుంది కదా. అనుమానించడంలో కూడా నా జాగ్రత్త నాకుంది.

మోటార్‌సైకిల్ సామాన్ల బూన్ టీక్ కొట్టుకి వెళ్లాను. ఆరో నెల పాట అతనిది. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నా లెక్క చూశాడు.

"ఇన్సూరెన్సమ్మా, ఈ పెట్టె చచ్చినవాళ్ల లెక్కలు కదా చూసేది. బతికున్న అక్క మీద పడ్డావేంటి?"

"నవ్వు బాగానే ఉంది. నీదీ కొట్టి చూడనా?"

"వద్దులే తల్లీ. తెలిస్తే నాకు అన్నం దిగదు. అయినా అక్క అట్లాంటిదంటావా?"

"నేనేమీ అనట్లేదు. లెక్క తేడాగా ఉందంటున్నాను, అంతే."

నేనేమీ అనట్లేదని మొదలైన మాట మార్కెట్ అంతా తిరగడానికి మూడురోజులు పట్టింది. ఏడో నెల ఆదివారం మధ్యాహ్నం గియోక్ ఇమ్ కొట్టు వెనక చేరినప్పుడు ఒక్కరూ డబ్బు బయటికి తియ్యలేదు. ఎప్పుడూ రాగానే కవర్లు బల్ల మీద పడేవి. ఆ రోజు కాఫీ గ్లాసులే ఉన్నాయి. అందరూ నావైపు చూస్తున్నారు.

గియోక్ ఇమ్ అక్క చెయ్యి తుడుచుకుని కూర్చుంది. ఆమెకు అరవై దాటాయి. పొట్టి మనిషి. బల్ల మీద చెక్కపూసల లెక్కచట్రం పెట్టుకుంది.

"సువాన్, నా మీద ఏదో లెక్క తేలిందట. నాకు తప్ప ఊరంతటికీ తెలుసు. నాక్కూడా చెప్పు."

బెదరకుండా చెప్పాను. పదమూడు శాతం అన్నాను. యంత్రం తెర ఆమె వైపు తిప్పాను. ఆమె దాన్ని చూడలేదు.

"మొత్తం పది నెలల్లో నువ్వు కట్టేది ఎంత?"

"నాలుగు వేల నూట తొంభై."

ఆమె పూసలు జరిపింది. "తీసుకున్నది?"

"నాలుగు వేల వంద."

"తేడా తొంభై. కారు ముందుగా చేతికొచ్చినందుకు పది నెలల మీద నీకు పోయేది తొంభై రింగిట్లు. తొంభై కాస్తా నెలకు పదమూడు శాతం ఎట్లా అయింది?"

ట్రైనింగులో నేర్చుకున్న ముక్క ఒకటి వదిలాను.

"పూసలతో తేలదక్కా అది. డబ్బుకి కాలం విలువ ఉంటుంది. ముందు పోయిన రింగిట్, వెనక పోయిన రింగిట్ ఒకటి కావు. యంత్రం అదంతా చూసి చెబుతుంది."

స్వీ కెంగ్ తల ఊపింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదని నాకు తెలుసు. నాకూ సగమే అర్థమైందని ఆమెకు తెలియదు.

గియోక్ ఇమ్ నడుముకి కట్టుకున్న సంచీలోంచి వంద రింగిట్ల నోటు తీసి నా ముందు పెట్టింది.

"ఐదో నెలలో నీకు ఇంకో వంద ఎక్కువ ఇచ్చాననుకో. నాలుగు వేల రెండు వందలు. నొక్కు. నీ పెట్టె శాంతిస్తుందేమో చూద్దాం."

అంకె మార్చి బటన్ నొక్కాను. ఊపుతున్న కాలు ఆపేశాను. యంత్రం ఆలోచించింది. పదిహేడు పాయింట్ ఎనిమిది.

ఎక్కువ డబ్బు చేతికొస్తే వడ్డీ పెరుగుతుందా? చంటిపిల్లను అడిగినా పెరగదని చెబుతుంది. ఎందుకో తెలియలేదు గానీ, యంత్రం ఈ లెక్కలో పిచ్చిగా మాట్లాడుతోందని మాత్రం తెలిసింది. మూడుసార్లు కొట్టినా, ముప్పైసార్లు కొట్టినా అది పిచ్చిమాటే. నెలరోజులుగా ఆ పిచ్చిమాట పట్టుకుని నేను ఊరంతా తిరిగాను.

"ఏమైంది, తగ్గిందా?" అంది అక్క.

తెర నావైపే ఉంది. తొమ్మిది మొహాలు నన్నే చూస్తున్నాయి. లేదక్కా, నాదే తప్పు అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ బూన్ టీక్ నోటి చివర నవ్వు కనిపించింది. రేపు మార్కెట్లో ఏ కొట్టు ముందు నడిచినా ఆ నవ్వే. ఇక నా చేతిలో యంత్రం చూసి పాలసీ ఎవరు తీసుకుంటారు?

"తగ్గింది" అన్నాను.

"ఎంతకి?"

"రెండుకి."

"వందకే రెండుకి దిగిందా?" అన్నాడు బూన్ టీక్. "నయం, ఇంకో యాభై ఇచ్చుంటే అక్కే నీకు ఎదురు వడ్డీ కట్టాల్సి వచ్చేది."

ఎవరూ నవ్వలేదు. నేను క్యాలిక్యులేటర్ ఆపేసి సంచీలో పెట్టుకున్నాను. నోటు కూడా పెట్టుకున్నాను. పెట్టుకోకపోతే అబద్ధం బయటపడుతుందని భయం. ఆ నోటు మడత పెడుతుంటే నా వేళ్లు నాకే అసహ్యంగా కనిపించాయి.

అక్కడితో అయిపోతే బాగుండేది. స్వీ కెంగ్ గొంతు సవరించుకుంది.

"ఆమెకి వంద ఇచ్చావంటే లెక్కలో ఏదో ఉన్నట్టేగా అక్కా. మరి నాది రెండో నెల. నేను నూట పది వదులుకున్నాను."

గియోక్ ఇమ్ ఆమె మొహంలోకి చూసి, ఇంకో వంద తీసి ఇచ్చింది. మూడో నెల మనిషి, నాలుగో నెల మనిషి కూడా చేతులు చాపారు. వాళ్లకీ ఇచ్చింది. బూన్ టీక్ మాత్రం అడగలేదు. ఇంకో నలుగురికి ఇంకా పాటే రాలేదు. నాలుగు వందలు పోయాక అందరి కవర్లూ బయటికొచ్చాయి. నా ఐదు వందలూ కట్టాను. పాట యథాప్రకారం జరిగింది. ఓడిన కాగితాలు కాల్చబోతుంటే స్వీ కెంగ్, "ఒకసారి చూపించకూడదా" అంది. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. అక్క అగ్గిపుల్ల గీసింది.

ఆఫీసులో నా పక్కబల్ల రొకియాది. ఆమె మెత్తని మనిషి, లెక్కల్లో మాత్రం రాక్షసి. మాకు అంటగట్టినదాన్ని పక్కన పడేసి, వేరే రకం సొంత క్యాలిక్యులేటర్ వాడుతుంది. అక్కపేరు చెప్పకుండా అంకెలు ఇచ్చాను. కొట్టి చూపించింది. మూడు పాయింట్ తొమ్మిది.

"నాకు పదమూడు వచ్చిందే" అన్నాను.

"ఏదీ, నీది ఇలా తే." నా దాన్లో కొట్టింది. పదమూడు. ఆమె నవ్వి నా సొరుగు లాగింది. "ఈ యంత్రంతో వచ్చిన పుస్తకం ఎప్పుడైనా తెరిచావా?"

ప్లాస్టిక్ తొడుగు కూడా తియ్యలేదు. ఆమే తీసి, డెబ్బయ్యో పేజీ దగ్గర ఎక్కడో చీమతలంత అక్షరాలు చూపించింది. డబ్బు ఒకసారి పోవడం, తరవాత రావడం వరకైతే పర్వాలేదు. పోయి, వచ్చి, మళ్లీ పోతే జవాబు ఒకటికంటే ఎక్కువ ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. యంత్రం తనకు ముందు తగిలింది చెప్పి ఊరుకుంటుంది.

"నాది సున్నా దగ్గర మొదలుపెట్టి వెతుక్కుంటూ పోతుంది. నీది పది దగ్గర మొదలుపెడుతుంది" అంది రొకియా. "వీధికి ఈ చివరనుంచి అడుగుతూ పోతే ఒక అహ్మద్ ఇల్లు, ఆ చివరనుంచి పోతే ఇంకో అహ్మద్ ఇల్లు. ఇద్దరూ అహ్మద్‌లే. మనకు కావాల్సిన అహ్మద్ వాళ్లలో ఉన్నాడో లేడో యంత్రానికేం తెలుసు? చీటీలో మధ్యలో పాడినవాడు సగంకాలం అప్పు ఇచ్చినవాడు, సగంకాలం అప్పు తీసుకున్నవాడు. వాడికి వడ్డీ ఎంతంటే ఏం చెబుతుంది పాపం."

"మరి చివరకి ఎంత పోయినట్టు?"

"తొంభై. కలిపి తీసెయ్. దానికి యంత్రమెందుకు?"

ఎనిమిదో నెల వెళ్లి డబ్బు కట్టి, తల వంచుకుని వచ్చేశాను. తొమ్మిదో నెలా అంతే. ఆ వంద నోటు పర్సులో వెనక అరలో ఉంది. కారులో పెట్రోలుకి చిల్లర లేకపోయినా దాన్ని తియ్యలేదు. చెబుదామని రెండుసార్లు గియోక్ ఇమ్ కొట్టుకి వెళ్లి, నూడుల్స్ తిని, డబ్బులిచ్చి వచ్చాను. ఆమె నా గిన్నెలో ఇంకో గరిటె పొయ్యడం మానేసింది.

పదో నెల చివరి చీటీ. ఇక పాట లేదు, కాగితాలు లేవు. డబ్బు లెక్కపెట్టి చివరి మనిషికి ఇచ్చేశారు. బయటికొచ్చేటప్పుడు బూన్ టీక్ నా కారు బానెట్ మీద తట్టాడు.

"ఈ బండి నన్ను ఒక నెల ఏడిపించింది తెలుసా."

"నా కారు నిన్నేం చేసింది?"

"ఆ ఐదో నెల నేను డెబ్బై ఎనిమిది రాశాను. నాదేనని గ్యారేజీ అద్దెకి మాట కూడా ఇచ్చేశాను. రెండు రింగిట్లతో ఎగరేసుకుపోయావు. ఏ దేవుడు చెవిలో చెప్పాడో నీకు."

నవ్వుతూ వెళ్లిపోయాడు. నేను కారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎవరు ఎంత రాస్తారో అక్కకి మొహాలు చూస్తేనే తెలుస్తుంది. ఇరవై రెండేళ్లలో ఆమె చేసిన వంకర పని అదొక్కటే అయ్యుంటుంది. అదీ నాకోసం.

వెనక్కి వెళ్లాను. ఆమె గిన్నెలు కడుగుతోంది. వంద తీసి బల్ల మీద పెట్టాను. ఆ రోజు యంత్రం పదిహేడు పాయింట్ ఎనిమిది చూపించిందని, నేను రెండని చెప్పానని, అసలు మొదటి పదమూడు కూడా పనికిరాని అంకేనని మొత్తం చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

ఆమె చెయ్యి తుడుచుకుని నోటు తీసుకుని సంచీలో వేసుకుంది.

"పదిహేడో పాతికో నాకు తెలియదు. నీ మొహం మాత్రం చూశాను. నొక్కగానే తెల్లబోయింది. తగ్గితే మనిషి అట్లా తెల్లబోదు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావక్కా?"

"నువ్వు పాట తీసేసుకున్న మనిషివి. ఇంకా రెండు వేలు కట్టాలి. తీసుకున్నాక లెక్కలో వంక వెతికేవాళ్లను చాలామందిని చూశాను. వచ్చేనెలనుంచి కట్టకుండా ఉండటానికి సాకు అది. నువ్వూ ఎగ్గొట్టడానికే యంత్రం పట్టుకొచ్చావనుకున్నాను. నిన్ను అందరిముందు తప్పుపడితే లేచిపోతావు, రెండు వేలు నా నెత్తిన పడుతుంది. వంద పోతే పోయిందనుకున్నా. నాలుగు వందలు పోతుందని మాత్రం అనుకోలేదు."

ఆ రోజు బల్ల దగ్గర నేను ఆమెను దొంగనుకుంటుంటే, ఆమె నన్ను దొంగనుకుంటోంది. మా ఇద్దరిలో ఆమె అనుమానమే కాస్త నిజానికి దగ్గరగా ఉంది.

గోడకి కొత్త చీటీ పేర్ల కాగితం అంటించి ఉంది. తొమ్మిది పేర్లున్నాయి. పదో గీత ఖాళీ. కిందటిసారి ఉన్నవాళ్లలో స్వీ కెంగ్, మూడో నెల మనిషి, నాలుగో నెల మనిషి లేరు. నా చూపు అటు పోవడం ఆమె గమనించింది.

"అది ఖాళీ కాదు, ఆపి ఉంచాను" అంది. "వంద తెచ్చావు, బాగుంది. మిగతా మూడు వందలు నేను అడగను. ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్లి నాతో చెప్పింది చెప్పి రా. తరవాత చూద్దాం."

మర్నాడు పొద్దున్నే స్వీ కెంగ్ కొట్టుకి వెళ్లాను. ఆమె తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతోంది. ఈసారి యంత్రం తీసుకెళ్లలేదు. నేనే తప్పు లెక్క కట్టానని, ఆ రోజు అందరిముందు అబద్ధమాడానని, గియోక్ ఇమ్ అక్క ఎవరి దగ్గరా ఒక్క చిల్లర సెన్ను కూడా తినలేదని నిలబడి చెప్పాను. ఆమె నీళ్ల చెంబు పక్కన పెట్టింది. పక్కకొట్టు ఆమెను కూడా రమ్మని సైగ చేసింది. తలొంచి, చిన్న గొంతుతో, నా మీద జాలిపడ్డట్టు అడిగింది.

"ఇట్లా చెప్పమని నీకు ఎంత ఇచ్చిందే?"

ఏమీ ఇవ్వలేదని చెప్పాను. ఆమె నా చేతివైపు, సంచీ వైపు, తరవాత నా చిటికెన వేలివైపు చూసింది.